నలభైకి నలభై

ఎండకాలం 61వ రోజు, గురువారం

గాలి బాగా లాగుతోంది. వల మీద దుమ్ము రెండు వేళ్ల మందం. దులిపాను.

ఈ పుస్తకంలో గాలి సంగతి, దుమ్ము సంగతి తప్ప మరేమీ రాయకూడదని మొదటి పేజీలోనే అచ్చు వేశారు. నాలుగో గాలిబావి దగ్గర నేను పనికి చేరి ఆరేళ్లయింది. ఆరేళ్లలో ఈ పుస్తకం తెరిచి చూసిన అధికారి ఒక్కడూ లేడు. అందుకని నా గోడు కూడా ఇందులోనే వెళ్లబోసుకుంటున్నాను. ముందు గాలి సంగతి రాస్తున్నాను కదా, నా జీతానికి అది చాలు.

తెల్లవారుజామున పైకెక్కి బావి నోటికి కట్టిన వల దులపాలి. తొమ్మిదింటికి ఎండ సైరన్ మోగేలోపు కిందికి దిగిపోవాలి. దిగకపోతే మనిషి మిగలడు, మంచుగడ్డలు కుట్టిన మంచు చొక్కా తొడుక్కుంటే కాసేపు ఆగొచ్చు, అంతే. కింద మాత్రం హాయిగా ఉంటుంది. మార్కాపురం పలకల గనులు కదా, మా తాతలు పలకలు తీసిన గుంటల్లోనే ఇప్పుడు మా ఇళ్లు, బజారు, బడి అన్నీ. రాయి చల్లగా ఉంటుంది. ఊపిరి మాత్రం పైనుంచి రావాలి, అది నా చేతిలో ఉంది. ఈ మాట నేను అప్పుడప్పుడూ జనానికి గుర్తుచేస్తుంటాను. వాళ్లకు నచ్చదు.

మా ఆయన పేరు చెన్నకేశవులు. ఉత్తర సమాఖ్యలో, మంచు కరిగి బయటపడ్డ నేలల్లో బార్లీ పండిస్తున్నాడు. వెళ్లి మూడేళ్లు దాటింది. మాకు పెళ్లయి నాలుగేళ్లు. ఒక కప్పు కింద మేము కాపురం చేసింది పదకొండు నెలలు. భార్య వీసా వస్తే నేను ఆయన దగ్గరికి వెళ్తాను. రాకపోతే ఆయన అక్కడ, నేనిక్కడ. నాకిప్పుడు ముప్పై మూడు.

వచ్చే మంగళవారం జంట పరీక్ష. ఆయన అక్కడ ఒక గదిలో, నేనిక్కడ ఒక గదిలో ఒకే సమయానికి కూర్చోవాలి. మా కాపురం గురించి ఇద్దరినీ అవే నలభై ప్రశ్నలు అడుగుతారు. జవాబులు కలిస్తే నిజం మొగుడూ పెళ్లాలమని నమ్ముతారు. లేకపోతే వీసా కోసం వేసిన వేషమంటారు. ఎన్ని కలవాలో మాత్రం చెప్పరు. చెప్పకపోతే మనవాళ్లు ఊరుకుంటారా? ఎన్ని ఎక్కువ కలిస్తే అంత మంచిదని తేల్చేశారు.

అలా తేల్చిన పెద్దమనిషి ఫణి సార్. ఏడో గనిలో ఆయనకు దాంపత్య కోచింగ్ సెంటర్ ఉంది. ఆరువందల ప్రశ్నల బిట్ బ్యాంకు, వారానికో మోడల్ పేపరు, గోడల నిండా వీసాలొచ్చిన జంటల ఫొటోలు. పోయినేడు ఆయన దగ్గర చదివినవాళ్లు ముప్పై, ముప్పై రెండు తెచ్చుకుని వెళ్లిపోయారు. ఈ ఏడు అందరిచేతా నలభైకి నలభై కొట్టించాలని సార్ పంతం పట్టారు. అందుకు ఆయన కనిపెట్టిన మందు రాజీ జవాబు. మొగుడిదొక మాట, పెళ్లానిదొక మాట అయితే సార్ మధ్యలో కూర్చుని ఒక జవాబు ఖాయం చేస్తారు. ఇద్దరూ దాన్నే బట్టీ పట్టాలి.

మా మొదటి గొడవ దేని మీద అని అడిగితే నేనొకటి రాశాను. మా ఆయన అసలు గొడవే పడలేదని అక్కడినుంచి రాసి పంపాడు. సార్ రెండూ కొట్టేసి, కూరలో ఉప్పెక్కువైందని గొడవ, అని రాయించారు. పెళ్లినాడు గాలిదుమ్ము లేచిందని నేను, వాన పడిందని ఆయన. వాన శుభం కాబట్టి వాన ఉంచారు. ఇలాంటి రాజీలు మాకు నూట నలభై ఉన్నాయి.

గురువారం గురువారం ఏడు నిమిషాలు ఫోను లైను ఇస్తారు. ఇవాళ ఆ ఏడు నిమిషాల్లో ముప్పై ఆరు ప్రశ్నలు లాగించాం. ఒక్కటీ తప్పు పోలేదు. ఆయన మధ్యలో దగ్గుతున్నాడు. ఏమైందని అడుగుదామనుకునేలోపు లైను పోయింది.

66వ రోజు, మంగళవారం

గాలి బాగుంది. దుమ్ము వేలు మందం.

పరీక్ష అయిపోయింది. నలభైకి నలభై. బయటికి రాగానే తెర మీద అంకె పడింది. అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాను.

67వ రోజు, బుధవారం

గాలి, దుమ్ము నిన్నటిలాగే.

ఏడో గని గుమ్మానికి నా ఫొటోతో బ్యానరు కట్టారు. మా ఆయన ఫొటో పక్కన అతికించారు, కొంచెం వంకరగా. ఫణి సార్ మైకు పట్టుకుని ఈ కొండమ్మ మన గనులకు గర్వకారణం అన్నారు. మా వదిన ఆదిలక్ష్మి, అంటే మా ఆయన అక్క, నేను ఆమె ఇంట్లోనే ఉంటాను, బెల్లం పరమాన్నం వండి వీధంతా పంచింది. నేను సూట్‌కేసు దించి తుడిచాను. రేపు ఫోనులో ఆయనతో ప్రశ్నలు లేకుండా మాట్లాడొచ్చు. ఏం మాట్లాడాలో ఆలోచిస్తే ఒక్కటీ తట్టలేదు. సంతోషంలో బుర్ర పనిచేయడం లేదనుకున్నాను.

74వ రోజు, బుధవారం

గాలి తగ్గింది. కారణం వెతకలేదు. రేపు వెతుకుతాను.

వీసా నిరాకరించారు. ఉత్తరం తెలుగులోనే ఉంది, యంత్రం రాసిన తెలుగు. దాన్ని ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను: "సహజ దంపతుల జవాబులు నలభైలో ఇరవై నాలుగు నుండి ముప్పై నాలుగు వరకు కలియును. మీవి నలభై కలిసినవి. కలిసి జీవించినవారు ఇంత ఏకీభవించుట మా అనుభవమున లేదు. మీ సంబంధము కల్పితమని అనుమానించుచున్నాము. ఇరువది ఒక్క దినములకు పునర్విచారణ. అందునను అనుమానము తీరనిచో ఐదు సంవత్సరములు దరఖాస్తు చేయరాదు."

మూడుసార్లు చదివాను. మొగుడూ పెళ్లాలు ఇంతగా కలవరట. ఈ మాట ముందే ఒక కాగితం మీద రాసి పంపితే వాళ్ల సొమ్మేం పోయింది?

ఐదేళ్లు. పదకొండు నెలల కాపురానికి ఐదేళ్ల ఎడబాటు. అప్పటికి నాకు ముప్పై ఎనిమిది. పునర్విచారణ 95వ రోజున.

75వ రోజు, గురువారం

గాలి తగ్గడానికి కారణం దొరికింది. వల మూల ఊడింది. బిగించాను.

ఫోనులో మా ఆయన మొదటి మాట, "కోచింగ్ సంగతి ఎవురికన్నా చెప్పావా?" అని. చెప్పలేదన్నాను. అయితే వాళ్లకెట్టా తెలిసిందన్నాడు. ఉత్తరంలో రాశారుగా, చదవలేదా అన్నాను. చదివాను కానీ నువ్వేదో చేసుంటావన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నీ పెళ్లాన్ని కాబట్టి నలభై కలిశాయి, నీ శత్రువునైతే ఇరవై కలిసేవి అన్నాను. కోపంలో అన్నాను కానీ తర్వాత ఆలోచిస్తే ఆ మాటకు అర్థమే లేదు. ఏడు నిమిషాలూ ఇలాగే గడిచాయి.

ఆయన గొంతులో భయం వినిపించింది. అది నన్ను ఆయన మాటల కంటే ఎక్కువ బాధ పెట్టింది.

77వ రోజు, శనివారం

గాలి బాగుంది. దుమ్ము వేలు మందం.

ఏడో గని గుమ్మానికి నా బ్యానరు తీసేసి కొత్తది కట్టారు: సహజత్వ బ్యాచ్. మాతో కలిపి పరీక్ష రాసిన పంతొమ్మిది జంటలకూ నలభైకి నలభై వచ్చింది, అందరికీ అదే ఉత్తరం వచ్చింది. వేరే మనిషైతే మొహం దాచుకునేవాడు. ఫణి సార్ మూడు రోజుల్లో కొత్త మెటీరియల్ తయారుచేశారు.

ఆయన లెక్క ప్రకారం తొమ్మిది తప్పులు చాలు. ఏ తొమ్మిది తప్పులో ఆయనే ఇస్తారు. భార్య అట్టా చెప్పాలి, భర్త ఇట్టా చెప్పాలి. "తప్పు చెప్పేటప్పుడు ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగాలమ్మా. గబుక్కున చెప్తే కోచింగని తెలిసిపోద్ది," అన్నారు. ఎంతసేపు ఆగాలో గడియారం పెట్టి సాధన చేయించారు. పంతొమ్మిది మంది ఆడవాళ్లం వరసగా కూర్చుని, ఆగి, మర్చిపోయినట్టు కళ్లు పైకెత్తి, తప్పు చెప్పడం నేర్చుకున్నాం. ఒకామె కళ్లు బాగా ఎత్తిందని సార్ మెచ్చుకున్నారు.

నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. అయినా తొమ్మిదీ రాసుకున్నాను. వేరే దారి ఏముంది?

80వ రోజు, మంగళవారం

గాలి చూశానో లేదో గుర్తు లేదు. బాగుందని రాస్తున్నాను.

ఇవాళ జరిగింది సరిగ్గా రాయాలి. మధ్యాహ్నం వదినా నేనూ దీపాల కింద పెంచే తోటకూర కోస్తున్నాం. పక్కింటి కొత్త పెళ్లికూతురు వచ్చి మొగుడు తన మీద అరిచాడని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ పిల్లను ఊరడించడానికి మా మొదటి గొడవ చెప్పాను. కూరలో ఉప్పెక్కువై ఆయన కంచం తోసేశాడని, నేను రోజంతా తినలేదని, సాయంత్రం ఆయనే వచ్చి ముద్ద కలిపి పెట్టాడని. చెబుతుంటే నాకు ఆ ముద్ద రుచి కూడా తెలిసింది.

పిల్ల వెళ్లిపోయాక వదిన కత్తి పక్కన పెట్టి నావంక అదోలా చూసింది.

"కొండమ్మా, మా తమ్ముడు కంచం ఎప్పుడు తోశాడే? మీ గొడవ మంచు చొక్కా కాడ గదా. నీ మంచు చొక్కా నీకు చెప్పకుండా వాడి స్నేహితుడికిచ్చాడు, నువ్వు పైన బావి కాడ ఎండకి సోలిపోయావు. రెండు రోజులు నీళ్లు గూడా తాగలా నువ్వు. నేను పక్కనే కూచోనుండా."

నేను ఉలిక్కిపడ్డాను. వదిన చెప్పింది నిజమని నాకు తెలుసు. సార్ ఇచ్చిన మోడల్ పేపరు మీద మొదట నేను రాసిందీ అదే. కానీ ఎంత గుర్తుచేసుకుందామన్నా ఆ ఎండ, ఆ సోలిపోవడం ఎవరో చెప్పిన కథలాగే ఉన్నాయి. ఉప్పు, కంచం, ముద్ద మాత్రం కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. పెళ్లినాటి దుమ్ము కోసం వెతికాను. వాన పడుతోంది. నూట నలభై రాజీలు. ఒక్కోటి తడిమి చూసుకుంటూ పోతే ప్రతి చోటా సార్ జవాబే ఉంది, నాది లేదు.

ఉన్నదే పదకొండు నెలలు. దాన్ని కూడా నా చేతులతో నేనే చెరిపేసుకున్నాను. తప్పు ఎవరి మీద పెట్టను?

82వ రోజు, గురువారం

గాలి బాగుంది. నిజంగానే చూశాను.

ఫోను రాగానే మా ఆయన తప్పుల జాబితా మొదలుపెట్టాడు. ఆపమన్నాను. ఈ ఏడాదంతా మనం ఒక్క మాట మాట్లాడుకోలేదని, ప్రశ్నలు అప్పజెప్పుకున్నామని, వాళ్లు కల్పితం అన్నదాంట్లో సగం నిజముందని చెప్పాను. విచారణలో తొమ్మిది తప్పులూ చెప్పను, కోచింగ్ తీసుకున్నామని ఒప్పుకుంటానన్నాను.

ఆయన గొంతు చాలా మెల్లగా వచ్చింది.

"ఆ మాట చెప్పబాక కొండమ్మా. మోసం అంటారు. నీకు రాకపోవడమే గాదు, నా పర్మిట్ గూడా పీకేస్తారు. నీకు దండం పెడతా."

ఆయన నాకు దండం పెడతానని ఎన్నడూ అనలేదు. ఇది మాత్రం ఏ మెటీరియల్‌లోనూ లేదని నాకు గట్టిగా తెలుసు. ఆలోచిస్తానని చెప్పాను.

88వ రోజు, బుధవారం

గాలి ఆగిపోయింది. పొద్దున ఐదింటి నుంచి దుమ్ము తుఫాను. వల చిరిగింది. మూడు గంటలు పైన ఉండి కుట్టాను. ఎండ సైరన్ మోగాక కూడా ఇంకో పావుగంట ఉన్నాను, గత్యంతరం లేక. ఇప్పుడు గాలి లాగుతోంది.

సూది చేతిలో ఉండగా, ఏ సంబంధమూ లేకుండా ఒకటి గుర్తొచ్చింది. కేశవులు నిద్రలో నా జడ కొస పిడికిట్లో పట్టుకునేవాడు. నేను పనికి లేవాలంటే వేళ్లు ఒక్కొక్కటే విప్పుకోవాలి. ఫణి సార్ దీన్ని అడగలేదు కాబట్టి బతికిపోయింది. దుమ్ములో నిలబడి పిచ్చిదానిలా నవ్వాను, నోట్లోకి ఇసుక పోయింది. నాకు ఆ మనిషి కావాలి. ఆయన పక్కన నేనుండాలి. ఈ సంగతి వేరే ఎవరూ రాయించలేదు.

89వ రోజు, గురువారం

గాలి బాగుంది. కుట్లు నిలిచాయి.

తొమ్మిది తప్పులూ నోటికొచ్చాయని మా ఆయన చెప్పాడు. నీకూ వచ్చాయా అని అడిగాడు. వచ్చాయన్నాను. అది నిజమే. వాటినే చెప్తావుగా అన్నాడు. చెప్తానన్నాను. అది అబద్ధం. మొగుడికి నేను చెప్పిన మొదటి అబద్ధం ఇదో కాదో కూడా ఇప్పుడు తెలియదు.

95వ రోజు, బుధవారం

గాలి, దుమ్ము ఉదయం చూశాను, బాగున్నాయి. మిగతాదంతా ఇప్పుడు రాస్తున్నాను, సాయంత్రం నాలుగైంది.

వాళ్ల గడియారం ప్రకారం విచారణ మనకు మిట్టమధ్యాహ్నం పడింది. వీసా గది గని పైన ఉంది. వదిన మంచు చొక్కా తొడిగి, తాళ్లు రెండుసార్లు లాగి చూసి పంపింది. వంద అడుగులు నడిచేసరికి చెప్పుల అడుగు మెత్తబడింది.

తెర మీద విచారణ చేసే ఆవిడ కనిపించింది. తెల్లజుట్టు, అలసిపోయిన మొహం. ఆవిడ మాట్లాడుతుంటే పక్కన పెట్టె తెలుగులో చెబుతుంది. "శ్రీమతి మాలకొండమ్మా, ఆసీనురాలవు కమ్ము," అంది పెట్టె. కూర్చున్నాను. మా ఆయన కూడా అదే సమయంలో అక్కడ వేరే గదిలో ఉన్నాడని, ఒకరి మాటలు ఒకరికి వినపడవని చెప్పింది.

ఆయన పర్మిట్ సంగతి గుర్తొచ్చింది. ఆ తొమ్మిది తప్పులూ నాలుక చివర ఉన్నాయి. చెప్పేస్తే గండం గడిచిపోవచ్చు. ఆవిడ ఇంకా ఏమీ అడగకముందే, అడిగితే ధైర్యం చాలదేమోనని, కోచింగ్ తీసుకున్నామని చెప్పేశాను. ఏది నా జ్ఞాపకమో, ఏది బట్టీ పట్టిందో నాకే తెలియదని, తప్పంతా నాదేనని, మా ఆయన్ని ఏమీ చేయవద్దని చెప్పాను.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. కాగితాలు తిరగేసింది. ఈ ఏడాది మీ గనుల నుంచి వచ్చిన పంతొమ్మిది జంటలూ నలభైకి నలభై తెచ్చుకున్నారని, భూమ్మీద ఇంకెక్కడా ఇలా జరగలేదని చెప్పింది. పరీక్షకు చదువుకోవడం వాళ్ల చట్టంలో మోసం కిందికి రాదట. ఎవరైనా దాంపత్యాన్ని చదువుకుంటారని చట్టం రాసినవాళ్లకు తట్టలేదట. ఆవిడ పెదవి చివర కొంచెం కదిలింది. నేను నవ్వలేదు.

పాత ప్రశ్నలు అడగనని, ఒక్క ప్రశ్న అడుగుతానని, అదే మా ఆయన్నీ ఇప్పుడే అడిగారని చెప్పింది.

"ఈ వీసా మీకు రానిచో, ఏమి చేయుదురు?"

ఆరువందల ప్రశ్నల్లో ఇది లేదు. అశుభమని సార్ రాయించలేదు. మేమూ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఎక్కడా తడుముకోవడానికి ఏమీ లేదు.

"ఆయన్ని వచ్చెయ్యమంటా," అన్నాను. "ఐదేళ్లు నేనుండలేను. ఆ బార్లీ వొదిలేసి వచ్చెయ్యమంటా."

"వచ్చునా?"

"వస్తాడు. నేను రమ్మంటే ఆ పూటే బయల్దేరతాడు."

ఆవిడ తల ఎత్తకుండా రాసుకుంది. నిర్ణయం వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోకూడదని, ఫోను లైను ఆపుతున్నామని చెప్పింది. కిందికి దిగేసరికి మంచు మొత్తం కరిగిపోయింది.

98వ రోజు, శనివారం

గాలి బాగుంది.

ఏమీ రాలేదు. సహజత్వ బ్యాచ్ వాళ్లు ఏం ప్రశ్న అడిగారని నా చుట్టూ మూగారు. చెప్పకూడదన్నాను. ఫణి సార్ రెండుసార్లు మనిషిని పంపారు. తలుపు తీయలేదు.

101వ రోజు, మంగళవారం

గాలి బాగుంది. దుమ్ము వేలున్నర.

వీసా వచ్చింది. సంబంధము సహజమని తేలినది, అని రాశారు. వదిన నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. ఇద్దరం ఏడ్చాం.

ఉత్తరంతోపాటు విచారణ నకలు కూడా పెట్టారు, రెండు జవాబులూ పక్కపక్కన. నాది నాకు తెలుసు. ఆయనది చదివాను.

"వీసా రాకపోతే నేనిక్కడే ఉంటాను. ఆమె రమ్మని అడుగుతుంది. నేను వెళ్లను. ఆ మాట ఆమెకు చెప్పలేను. కానీ వెళ్లను."

కింద ఆవిడ సంతకం పెట్టి, ఒక వాక్యం చేర్చింది: "ఒకరి మనసు ఒకరికి తెలియదు గాని, ఇద్దరూ సత్యమే చెప్పిరి."

పరమాన్నం పొయ్యి మీద పెట్టి వదిన పిలుస్తోంది. ఆమెకు ఈ కాగితం చూపించలేదు. పరీక్ష నెగ్గాం. నేను ఓడిపోయాను. నేను రమ్మంటే ఆ పూటే బయల్దేరతాడని ఆవిడ ముందు ఎంత ధీమాగా చెప్పాను. నా మాట రాసుకుంటున్నప్పుడు ఆవిడ తల ఎందుకు ఎత్తలేదో ఇప్పుడు అర్థమైంది.

వీసా పనిచేయాలంటే ఇద్దరూ ఫోను పెట్టె మీది సమ్మతి మీట నొక్కాలి. ఆయన నొక్కినట్టు పచ్చ దీపం వెలుగుతోంది. నా గడువు గురువారం సాయంత్రం వరకు. ఆ రోజుకు ఫోను లైను మళ్లీ ఇచ్చారు.

102వ రోజు, బుధవారం

గాలి బాగుంది.

సూట్‌కేసులో నాలుగు చీరలు పెట్టాను. మళ్లీ తీశాను.

ఆయన మీద కోపం తగ్గడం లేదు. తగ్గించుకోవాలని కూడా లేదు. నేనైతే ఈ గాలిబావి, ఈ గని, వదిన, అన్నీ వదిలి వెళ్తాను. నాకోసం ఆయన బార్లీ వదలడట. అలాంటి మనిషి దగ్గరికి ఎందుకు వెళ్లాలి? వెళ్లకపోతే ఎందుకు ఉండాలి? పైన బావి దగ్గర ఈ రెండూ గట్టిగానే అడిగాను. అక్కడ వినేవాళ్లు ఎవరూ లేరు.

103వ రోజు, గురువారం

గాలి, దుమ్ము ఎలా ఉన్నాయో ఉదయం బావి దగ్గరి పలక మీద రాశాను, అక్కడ చూసుకోండి.

మూడింటికి ఫోను మోగింది. ఆయన సంతోషంగా ఏదో మొదలుపెట్టాడు. నేను ఆయన జవాబు ఆయనకే చదివి వినిపించాను, మొదటి నుంచి చివరిదాకా. ఆ నకలు నాకు పంపుతారని ఆయనకు తెలియదు.

అప్పుడు చెప్పాడు. ఇక్కడున్నప్పుడు గనిలో ఊపిరాడక పొద్దున్నే పైకి పోయి కూర్చునేవాడని, నాది గాలి చూసే పని కాబట్టి ఆ మాట నాతో అనలేకపోయాడని, అక్కడ పొలంలో నిలబడితే ఆకాశం కింద మనిషినన్నట్టు ఉంటుందని. తిరిగి రావడమనే ఆలోచన వస్తేనే చేతులు చల్లబడతాయన్నాడు. ముందే చెబితే నేను రానంటానని భయపడ్డాడట.

"రానని నేనెప్పుడన్నా?" అన్నాను. "వస్తావా అని నువ్వడిగిందెప్పుడు? దరఖాస్తు నింపి పంపావు. ఆరువందల ప్రశ్నలు అడిగావు. ఈ ఒక్కటీ అడగలా."

ఆయన ఏడుస్తున్నట్టు తెలిసింది. రెండు నిమిషాలే మిగిలాయి. నాకు ఊరడింపు వద్దు. అందుకని సూటిగా అడిగాను. అక్కడికి వచ్చాక నాకు నచ్చకపోతే, నేను మా గనికి పోతానంటే, నువ్వు నాతో వస్తావా అని.

వస్తానని అంటాడనుకున్నాను. ఆ క్షణంలో ఏ మొగుడైనా అదే అంటాడు. అలా అని ఉంటే నేను ఫోను పెట్టేసి, సూట్‌కేసు అటక మీద పడేసేదాన్ని.

"రాను కొండమ్మా," అన్నాడు. "నిన్ను బండి ఎక్కిస్తా. ఏడస్తా ఎక్కిస్తా. కానీ రాను. నువ్వొస్తావా?"

ఇదెవరూ రాయించిన జవాబు కాదు. ఆగి, ఆలోచించినట్టు నటించి చెప్పింది కాదు. నాలుగేళ్లలో ఆయన నాకు చెప్పిన మాటల్లో ఇంత చేదు మాట లేదు, ఇంత నమ్మదగ్గ మాటా లేదు.

లైను పోయేలోపు నేను చెప్పాల్సింది చెప్పాను. వస్తున్నానని, అయితే ఇక మీద దేనికీ రాజీ జవాబు రాయనని, నచ్చని రోజున నేనూ ఇలాగే మొహం మీద చెప్తానని. సరేనన్నాడో ఏమో వినపడలేదు, ఏడు నిమిషాలు అయిపోయాయి.

మూడు గంటల పన్నెండు నిమిషాలకు మీట నొక్కాను.